భార్యాభర్తల గ్రీన్‌కార్డుకి లాయర్ కావాలా, మనమే వేసుకోవచ్చా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది: మీది కూకట్‌పల్లి. మొన్న ఫిబ్రవరిలో ఇక్కడే పెళ్లయింది. ఆయన డాలస్‌లో ఉంటారు, అమెరికా పౌరసత్వం వచ్చేసింది. ఆయనకిది రెండో పెళ్లి, మొదటి పెళ్లి విడాకులు అక్కడి కోర్టులో అయ్యాయి. మీ రెండు కుటుంబాలకూ ముందునుంచీ చుట్టరికం ఉంది. డాలస్ లాయర్ చెప్పిన ఫీజు విని ఆయన ‘మనమే వేసుకుందాం’ అంటున్నారు. మీ నాన్నగారేమో అమీర్‌పేటలో ఒక కన్సల్టెంటుతో లక్షన్నరకు మాట్లాడి వచ్చారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. ఈలోపు విజిటర్ వీసా మీద వెళ్లి రావచ్చా అని కూడా అడిగారు.

నేను లాయర్ని కాదు. అమెరికాలోని ఇమిగ్రేషన్ లాయర్లకు మాదాపూర్ నుంచి ఫైళ్లు తయారుచేసి పంపే ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. భార్యాభర్తల కేసులే ఎక్కువగా చూశాను.

సూటిగా చెప్పేస్తాను. కన్సల్టెంటు వద్దు. ఫారాలు మీ ఇద్దరూ కూర్చుని నింపుకోగలరు. కానీ మీరు ఒక్క వాక్యంలో దాటేసిన రెండు సంగతులున్నాయి, ఆయన విడాకులు, మీ చుట్టరికం. ఆ రెండింటి గురించి అమెరికా ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడకుండా మాత్రం ఏమీ వేయకండి.

అసలు పని ఎంతుందో చూస్తే మీ భయం సగం తగ్గుతుంది. ఆయన మీ తరఫున ఐ-130 అనే పిటిషన్ వేస్తారు, దానితోపాటు మీ వివరాలతో ఐ-130ఏ వెళ్తుంది. 2024 ఏప్రిల్‌లో మారిన రేట్ల ప్రకారం ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, కాగితం మీద వేస్తే 675. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజున ప్రభుత్వ సైట్‌లోనే చూసుకోండి. ఆయన పౌరుడు కాబట్టి మీకు వీసా కోటా క్యూ లేదు. ఆయనకి గ్రీన్‌కార్డు మాత్రమే ఉండి ఉంటే ఎఫ్2ఏ కేటగిరీలో మీ వంతు కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. పిటిషన్ పాసయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ వీసా దరఖాస్తుకి 325, ఆయనిచ్చే ఆర్థిక హామీ పత్రానికి 120 డాలర్లు కడతారు. మీరు డీఎస్-260 అనే ఆ వీసా దరఖాస్తు నింపి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి, మెడికల్ చేయించుకుని ఇంటర్వ్యూకి వెళ్తారు.

ఆ ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో ఉండదు. ఇంత పెద్ద కాన్సులేట్ మన ఊళ్లోనే పెట్టుకుని ముంబై ఎందుకు పోవాలని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. హైదరాబాద్‌లో చూసేది స్టూడెంట్, విజిటర్, ఉద్యోగ వీసాల్లాంటివి. భార్యాభర్తల ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు ముంబైలో జరుగుతాయి. మీ కేసు నంబర్ కూడా బీఎంబీ అనే అక్షరాలతో మొదలవుతుంది, అంటే బొంబాయి. ‘హైదరాబాద్‌లోనే ఇంటర్వ్యూ పెట్టిస్తాం’ అని కన్సల్టెంటు చెప్పి ఉంటే, అతనికి ఈ పని గురించి ఏం తెలుసో మీకు తెలిసిపోయినట్టే.

ఇందులో లాయర్ చేసే పనేమిటి? మా ఆఫీసు సంగతే చెప్తాను. డాలస్‌లో లాయర్‌కి ఫీజు కడితే ఫారం నింపేది చాలాసార్లు మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కూర్చున్న మాలాంటివాళ్లే. మీరు పంపిన వివరాలే మేం టైపు చేస్తాం. పదహారేళ్ల వయసు నుంచి మీరు ఉన్న ప్రతి ఇంటి అడ్రస్సూ డీఎస్-260లో రాయాలి. హాస్టలు, పీజీ, అద్దె ఇల్లు అన్నీ మీరు గుర్తు తెచ్చుకోవాల్సిందే, లాయర్‌కేం తెలుస్తుంది! మీరు నిజంగా డబ్బు కట్టేది టైపింగ్‌కి కాదు. మీ కథ మొత్తం చదివి ‘ఇదిగో, ఇక్కడ చిక్కు వస్తుంది’ అని ముందే వేలు పెట్టి చూపించే కంటికి. చిక్కులేని కేసులో ఆ కంటికి చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. మొదటి పెళ్లి, ఇద్దరి మీదా ఏ కేసులూ లేవు, అమెరికాలో వీసా గడువు దాటి ఉన్నది లేదు, అబ్బాయికి ఉద్యోగం ఉంది, పెళ్లికి నాలుగొందల మంది వచ్చారు. ఇలాంటి జంట నన్నడిగితే లాయర్ డబ్బులు మిగుల్చుకోమనే చెప్తాను.

మీది అంత సాఫీ కేసు కాకపోవచ్చు. ముందు విడాకుల సంగతి.

అమెరికా కోర్టు ఇచ్చిన విడాకులు అమెరికాలో చెల్లుతాయి కదా, ఇంకేం సమస్య అనుకుంటారు. కానీ ఒక పెళ్లి చెల్లుతుందా లేదా అన్నది ఇమిగ్రేషన్ వాళ్లు మామూలుగా ఆ పెళ్లి జరిగిన చోటి చట్టాన్ని బట్టి చూస్తారు. మీ పెళ్లి హైదరాబాద్‌లో జరిగింది. అంటే మీ మెళ్లో తాళి కట్టే రోజుకి, మన చట్టం దృష్టిలో ఆయన మొదటి పెళ్లి రద్దయి ఉండాలి. ఆయన మొదటి పెళ్లి కూడా ఇక్కడే హిందూ సంప్రదాయంలో జరిగి ఉంటే, అమెరికా కోర్టు విడాకుల తీర్పుని, అంటే డిక్రీని, మన కోర్టులు కళ్లు మూసుకుని ఒప్పుకోవు. దీని మీద సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు ఉంది, వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసు. అదీ మన తెలుగువాళ్ల కథే. తిరుపతిలో పెళ్లి, మిస్సోరీ కోర్టులో భర్త తెచ్చుకున్న విడాకులు, తర్వాత యాదగిరిగుట్టలో రెండో పెళ్లి, మొదటి భార్య పెట్టిన కేసు. మన వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఆ కోర్టు పరిధికి ఒప్పుకోకుండా వచ్చిన డిక్రీ ఇక్కడ చెల్లదని కోర్టు తేల్చింది. ఇద్దరూ ఆ కోర్టుకి తమంతట తాము వెళ్లి, విడాకులకు ఒప్పుకుని ఉంటే మాత్రం లెక్క వేరని కూడా అదే తీర్పులో ఉంది.

కాబట్టి ఆయన దగ్గర డిక్రీ పూర్తి కాపీ తెప్పించుకోండి. చాలామంది పంపే ఒక్క పేజీ సర్టిఫికెట్ చాలదు. అందులో మూడు చూడండి: మొదటి భార్య కోర్టుకి హాజరైందా లేక ఆమె లేకుండానే ఇచ్చేశారా, ఏ కారణం మీద ఇచ్చారు, డిక్రీ ఫైనల్ అయిన తేదీ మీ పెళ్లి తేదీకి ముందే ఉందా. ఆవిడ సంతకం, ఒప్పుదల కనిపిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. ఆవిడ ఊసే లేకుండా వచ్చిన డిక్రీ అయితే డాలస్ లాయర్‌తోపాటు ఇక్కడ ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే అడ్వకేటుకి కూడా చూపించాలి. ‘ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుంది, ఇంకెవరు పట్టించుకుంటారు’ అని మీవాళ్లు అనొచ్చు. ఇంటర్వ్యూ ఆఫీసరు అలా అనుకోడు.

రెండోది చుట్టరికం. ఎంత దగ్గరో మీరు రాయలేదు. తాతల తరం నుంచి వచ్చిన దూరపు వరస అయితే ఈ పేరా వదిలేయండి. మేనత్త కొడుకో, మేనమామ కొడుకో అయితే మాత్రం ఇది మీ కేసులో అన్నిటికన్నా బరువైన విషయం. మన దగ్గర మేనరికం మామూలే. హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధాల్లో పెళ్లి కూడదంటూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. అందువల్ల చుట్టరికం మూలంగా ఇక్కడ మీ పెళ్లికి ఢోకా లేదు. అమెరికాలో ఈ విషయంలో రాష్ట్రానికో చట్టం. కాలిఫోర్నియాలో మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకోవచ్చు. టెక్సాస్‌లో అలాంటివాళ్లకు పెళ్లి లైసెన్సే ఇవ్వరు, పైగా వాళ్ల శిక్షాస్మృతి ఈ సంబంధాన్ని నేరాల్లో చేర్చింది. డాలస్ ఉన్నది టెక్సాస్‌లో. పెళ్లి జరిగిన చోట చెల్లినా, జంట కాపురం ఉండబోయే రాష్ట్రం దాన్ని ఎలా చూస్తుందన్నది దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఇమిగ్రేషన్ అధికారి పరిశీలించవచ్చు. మేనమామనే చేసుకున్న కేసుల్లో ఇది ఇంకా గట్టిగా వస్తుంది.

దీనికి మీవాళ్లు చెప్పబోయే ఉపాయం నాకు తెలుసు: ‘చుట్టరికం సంగతి ఎత్తకండి, ఫారంలో అడిగితే కదా!’ ఆ పని మాత్రం చేయకండి. ముంబై ఇంటర్వ్యూలో పెళ్లి ఎలా కుదిరిందని తప్పకుండా అడుగుతారు. అక్కడ ఒక అబద్ధం చెప్పి అది బయటపడితే, కీలకమైన విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చారన్న ముద్ర జీవితాంతం వెంటాడుతుంది, తర్వాత ఏ వీసాకి వెళ్లినా అదే అడ్డం. కేసులో చిక్కు ఉంటే లాయర్ దారి వెతకొచ్చు. అబద్ధం చెప్పాక వెతకాల్సింది క్షమాపణ కోసం, దానిపేరు వేవర్, అదంత తేలిగ్గా దొరకదు.

మీకు వర్తించకపోయినా ఇది చదివే మిగతావాళ్ల కోసం, లాయర్ లేకుండా కదలకూడని సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. గతంలో అమెరికాలో గడువు దాటి 180 రోజులకు పైగా ఉండి వచ్చేసినవాళ్లకు మూడేళ్ల నిషేధం, ఏడాది దాటితే పదేళ్లు. ఎవరి మీదైనా పోలీసు కేసు ఉన్నా, కొట్టేసినా సరే, కాగితాలన్నీ లాయర్ చూడాలి. వదినో తోడికోడలో పెట్టిన వరకట్న వేధింపుల కేసులో (పాత 498ఏ) కుటుంబం మొత్తం పేర్లు ఎక్కడం మన దగ్గర ఎంత మామూలో చెప్పక్కర్లేదు. ఇంతకుముందు వేరొకరు పెళ్లి పేరు మీద పిటిషన్ వేసి, అది దొంగపెళ్లి అని తిరస్కరించి ఉంటే మాత్రం అన్నిటికన్నా కష్టం.

కన్సల్టెంటు విషయం. మీ నాన్నగారిని తప్పుపట్టను. ఎదురుగా కుర్చీలో కూర్చుని తెలుగులో మాట్లాడే మనిషి ఉంటే పెద్దవాళ్లకు ధైర్యం. కానీ ఆ లక్షన్నరకి అతనేం చేస్తాడో అడగండి. ఐ-130కి త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్ అన్నదే లేదు కాబట్టి ‘ఫాస్ట్ ట్రాక్’ అనే మాటకి అర్థం లేదు. న్యాయ సలహా ఇచ్చే అర్హత అతనికి లేదు. అర్హత ఉన్న లాయరైతే జీ-28 అనే ఫారం మీద సంతకం పెట్టి, ఈ కేసులో ప్రతినిధిని నేనే అని ప్రభుత్వానికి చెప్తాడు. ఫారం వేరేవాళ్లు నింపితే వాళ్ల పేరు, అడ్రస్సు, సంతకం పెట్టడానికి ఐ-130 చివర్లో ఒక భాగం ఉంటుంది. ‘ఇక్కడ మీరు సంతకం పెడతారా?’ అని ఆ పేజీ తీసి ముందు పెట్టండి. నేను చూసినంతలో చాలామంది అక్కడే మాట మారుస్తారు. ‘అది మీరే నింపినట్టు వదిలేద్దాం’ అంటారు. తప్పు జరిగితే అది మీ తప్పే అవుతుందన్నమాట, ఎందుకంటే కింద సంతకం మీవారిది.

ఇంకోటి, కన్సల్టెంట్లు ఆన్‌లైన్ అకౌంటు వాళ్ల ఈమెయిల్‌తోనే తెరుస్తారు. అదనపు ఆధారాలు పంపమని నోటీసు వస్తే అతని ఇన్‌బాక్స్‌లో పడుంటుంది. గడువు దాటాక పిటిషన్ కొట్టేసిన సంగతి మీకు తెలుస్తుంది. ఎవరి సాయం తీసుకున్నా సరే, అకౌంటు మీవారి మెయిల్‌తో, మీవారి ఫోన్ నంబర్‌తో ఉండాలి.

నిజానికి మీ ఇద్దరికీ చెమటలు పట్టించేది ఫారాలు కాదు, ఇక్కడి కాగితాలు. ఆ పని ఏ అమెరికా లాయరూ చేసిపెట్టడు. అందులోనూ పేర్లు. ఒక ఉదాహరణ చెప్తాను. టెన్త్ మెమోలో ‘బి. స్వాతి’. పాస్‌పోర్టులో ఇంటిపేరు బండారి, పేరు స్వాతి. పెళ్లి సర్టిఫికెట్లో ‘బండారి స్వాతి రాణి’, ఎందుకంటే శుభలేఖలో అలా వేశారు, ఆఫీసులో అదే చూసి ఎక్కించారు. బర్త్ సర్టిఫికెట్లో అసలు పేరే లేదు, ‘ఆడ’ అని ఉంది, తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయి. మనకి నలుగురూ ఒకే అమ్మాయి అని చూడగానే తెలుస్తుంది. అక్కడ ఫైలు చూసేవాళ్లకి నలుగురు వేర్వేరు మనుషులు. ఇలాంటప్పుడు నేను పాస్‌పోర్టునే ప్రమాణంగా పెట్టుకుంటాను. ముందు పెళ్లి సర్టిఫికెట్‌ని దానికి సరిపోయేలా సరిచేయించండి, ఈమధ్యే వచ్చింది కాబట్టి తేలికవుతుంది. బర్త్ సర్టిఫికెట్లో పేరు చేర్చమని అది ఇచ్చిన చోటే అడగండి, జీహెచ్ఎంసీ అయినా, ఊళ్లో పంచాయతీ అయినా. మెమోలో పేరుని ఐ-130లో ‘ఇతర పేర్లు’ అన్న గడిలో దాచకుండా రాసి, అందరూ ఒక్కరే అని ఒక అఫిడవిట్ జతచేయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటే పిటిషన్ వేయకముందే ఆ ముచ్చట తీర్చుకోండి. మధ్యలో మారిస్తే ప్రతిచోటా వివరణ ఇచ్చుకోవాలి.

పెళ్లి సర్టిఫికెట్ అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చింది. గుడివాళ్లో ఫంక్షన్ హాలువాళ్లో ఇచ్చిన కాగితం ఆధారాల్లో పెట్టుకోవచ్చు గానీ దానికి బదులుగా పనికిరాదు. తెలుగులో ఉన్న పత్రాలకు ఇంగ్లిష్ అనువాదం కావాలి. దానికి లాయర్ అక్కర్లేదు. రెండు భాషలూ వచ్చినవాళ్లు అనువాదం పూర్తిగా, సరిగా ఉందని, తమకా అర్హత ఉందని రాసి సంతకం పెడితే చాలు. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా వస్తుంది. మీరు ఏడాది, అంతకన్నా ఎక్కువ కాలం వేరే దేశంలో ఉండి ఉంటే అక్కడినుంచి కూడా కావాలి.

పెళ్లి నిజమైనదే అన్న ఆధారాల గురించి మనవాళ్లు అనవసరంగా భయపడతారు. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు ముంబైలో వాళ్లకి కొత్త కాదు. రెండు ఆల్బమ్‌లు పంపక్కర్లేదు. మండపంలో రెండువైపుల తల్లిదండ్రులు కనిపించే ఫోటోలు, ఆయన వచ్చి వెళ్లిన టికెట్లు, హాలు రసీదు, కాల్ రికార్డులు నెలకి కొన్ని, డబ్బు పంపిన వివరాలు, ఆయన ఇన్సూరెన్సులో నామినీగా మీ పేరు. రెండో పెళ్లి కాబట్టి సింపుల్‌గా యాభై మందితో కానిచ్చేశామని మీరు రాశారు. అలా ఎందుకు చేశారో మీ ఇద్దరూ ఒకే మాట, ఉన్న మాట చెప్పగలిగితే చాలు.

ఆయన ఆదాయం కూడా చూసుకోండి. ఇంట్లో లెక్కకొచ్చే మనుషుల సంఖ్యకి అమెరికా పేదరిక రేఖలో 125 శాతం ఉండాలి. 2025 పట్టికలో ఇద్దరికైతే ఏడాదికి 26,437 డాలర్లు. మొదటి పెళ్లి వల్ల ఆయన మీద ఆధారపడ్డ పిల్లలుంటే వాళ్లూ లెక్కలోకి వస్తారు. ఉద్యోగం పోయి ఉంటే ఆర్థిక హామీకి తోడుగా ఇంకొకరిని, అంటే జాయింట్ స్పాన్సర్‌ని, పెట్టుకోవచ్చు.

ఇక లాయర్‌తో మాట్లాడే ఆ గంట ఎలా వాడుకోవాలో చెప్తాను. ఇమిగ్రేషన్ చట్టం అమెరికా అంతటికీ ఒకటే కాబట్టి లాయర్ ఏ రాష్ట్రంలో లైసెన్సు తీసుకున్నా ఈ కేసు చూడొచ్చు. కానీ మీకు మేనరికం ప్రశ్న ఉంటే టెక్సాస్ లాయరే మంచిది. పేరుని ఆ రాష్ట్ర లాయర్ల సంఘం (బార్) వెబ్‌సైట్లో వెతికితే లైసెన్సు ఉందో లేదో, ఏమైనా క్రమశిక్షణ చర్యలున్నాయో కనబడుతుంది. కేసు మొత్తం ఒప్పుకోవాలని పట్టుబట్టకుండా సంప్రదింపుకి మాత్రమే ఫీజు తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. డిక్రీ, మీ పెళ్లి సర్టిఫికెట్, చుట్టరికం చూపించే చిన్న వంశవృక్షం ముందురోజే మెయిల్ చేయండి. ఫోన్‌లో మీ ఇద్దరూ ఉండండి, మీ నాన్నగారు వినాలనుకుంటే విననివ్వండి. ‘ఈ రెండు విషయాల్లో అభ్యంతరం వస్తే మీరేం జవాబిస్తారు?’ అని అడగండి. ఇబ్బంది లేదంటే మీరే వేసుకోండి, పంపేముందు ఫైలు ఒకసారి చూసిపెట్టడానికి ఆయనకి కొంత ఇచ్చుకోండి. ఇబ్బంది ఉందంటే ఆ ఫీజు ఎక్కువనుకోవద్దు, కేసు ఆయనకే అప్పగించండి. ఎంత పెద్ద లాయర్ని పెట్టుకున్నా ముంబై కిటికీ దగ్గర మాట్లాడాల్సింది మాత్రం మీరే.

లాయర్‌ని వేరే ఒక సంగతి కూడా అడగండి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే మీరు అమెరికాలో అడుగుపెడితే వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఆ షరతులు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 అనే ఫారం వేయాలి. లాయర్‌కి కట్టే మొదటి ఫీజులో అది కలిసి ఉండదు, ముందే తెలుసుకుంటే మంచిది.

విజిటర్ వీసా సంగతి: అడగటం నేరం కాదు. కానీ భర్త అక్కడి పౌరుడు, పిటిషన్ నడుస్తోంది అంటే తిరిగొస్తారని నమ్మించడం కష్టం. పిటిషన్ వేశారా అన్న ప్రశ్నకి నిజమే రాయాలి. విజిటర్‌గా వెళ్లి అక్కడే ఉండిపోయి గ్రీన్‌కార్డుకి మార్చుకుందామన్న ఆలోచనతో మాత్రం విమానం ఎక్కకండి, ఆ ఉద్దేశంతోనే వచ్చారని తేలితే మొదటికే మోసం. ఆయనకి సెలవు దొరికితే ఆయన్నే ఇక్కడికి రమ్మనండి. ఆ టికెట్లు కూడా మీ ఫైల్లోకి పనికొస్తాయి.